"యాజమాన్యం బాధ్యత వహించదు" అని బోర్డు పెట్టుకున్న కల్యాణ మండపాల ఓనర్లకు

నెల్లూరు, కావలి, ఒంగోలు చుట్టుపక్కల కల్యాణ మండపాలు, ఫంక్షన్ హాళ్లు నడుపుతున్న యజమానులందరికీ నమస్కారం.

నేను వంట మేస్త్రిని. మా నాన్న గాడిపొయ్యి దగ్గర నిలబడిన రోజుల నుంచి మాది ఇదే పని, డిగ్రీ చదివి కూడా నేను ఇందులోకే వచ్చా. మీలో చాలామందికి నా మొహం తెలుసు. పేరు మాత్రం రాయడం లేదు, ఎందుకంటే మాఘమాసంలో మీ హాల్లోనే నాకు ఆర్డరు ఉండొచ్చు, ఆ మాత్రం భయం నాకూ ఉంది. పెళ్లికి వచ్చినవాళ్లు మీ మండపాన్ని ముందు వైపు నుంచి చూస్తారు. షాండ్లియర్లు, స్టేజీ, ఏసీలు, గేటు లోపల పెద్ద వినాయకుడు. మేం వెనక వైపు నుంచి చూస్తాం. మూత సగం విరిగిన సంపు, జనరేటర్ దగ్గర టేపు చుట్టిన వైరు, పై అంతస్తు డైనింగుకు వెళ్లే మెట్లకు సగం దూరమే ఉన్న రెయిలింగు, బయట గడియ పెట్టి తాళం వేసిన వెనక తలుపు. మీ హాలు సంగతి మీకంటే మాకే ఎక్కువ తెలుసంటే కోపం తెచ్చుకోవద్దు.

మీ అందరి దగ్గరా ఒక బోర్డు ఉంటుంది. "మీ వస్తువులకు, వాహనాలకు, ఏవైనా ప్రమాదాలకు యాజమాన్యం బాధ్యత వహించదు." ఎర్ర అక్షరాలతో పార్కింగులో ఒకటి, ఆఫీసు రూములో ఒకటి, బుకింగ్ రసీదు వెనకాల చిన్న అక్షరాలతో ఇంకోసారి. ఆ ఒక్క లైను రాస్తే చట్టం మీ గేటు బయటే ఆగిపోతుందని మీరు నిజంగానే నమ్ముతున్నారని నాకు ఈ మధ్యే అర్థమైంది. చట్టం అట్టా ఆగదు. అది చెప్పడానికే ఈ లేఖ.

పోయిన కార్తీకంలో ఒక పెళ్లిలో, ఏ ఊరు ఏ హాలు అన్నది వదిలేద్దాం, మూడో బంతి లేచాక ఒక పెద్దావిడ చేతులు కడుక్కోవడానికి వెళ్లి జారిపడింది. కార్తీకం అంటే మనకు వానలే గదా, మిగతా జిల్లాల్లో వర్షాలు తగ్గాక మనకు మొదలవుతాయి, బయట నుంచి వచ్చే ప్రతి చెప్పూ కాసిని నీళ్లు లోపలికి తెస్తుంది. వాష్ బేసిన్ల ముందు నున్నగా పాలిష్ చేసిన నల్ల గ్రానైటు. చాపా లేదు, పట్టుకోవడానికి కడ్డీ లేదు, తుడిచే మనిషి అప్పటికే భోజనానికి కూర్చుంది. తుంటి ఎముక విరిగింది. ఆ వయసులో తుంటి విరిగితే ఆపరేషనూ, నెలల తరబడి మంచమూ, ఆ తర్వాత కూడా మునుపటిలా నడుస్తారన్న నమ్మకం లేదు.

అంబులెన్సు వెళ్లిపోయాక జరిగిందే నాకు మింగుడుపడనిది. ఓనరు గారు వచ్చి "హాలు ఈ రోజుకు పెళ్లివారికి ఇచ్చేశాం, ఇక లోపల ఏం జరిగినా వాళ్లదే" అన్నారు. పెళ్లికూతురు తండ్రి, పాపం అప్పటికే అప్పుల టెన్షన్లో ఉన్న మనిషి, నా వైపు తిరిగి "నీళ్లు వొలకబోసింది మీ వడ్డన కుర్రాళ్లే గదా మేస్త్రీ" అన్నాడు. కుర్రాళ్లు డెకరేషన్ వాళ్లు తడిపిన పూలబుట్టలను చూపించారు. చివరికి ఎవరో పెద్దమనిషి "ఆమె తలరాత అట్టా ఉంది, శుభకార్యంలో గొడవెందుకు" అనేశాడు, అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆస్పత్రి ఖర్చు మొత్తం ఆవిడ కొడుకు మీద పడింది. ఆటో నడుపుకునే మనిషి.

మా బావమరిది ఒక వకీలు దగ్గర గుమాస్తా. ఆ రాత్రి అతన్ని అడిగా, అసలు ఇది ఎవరి బాధ్యత అని. తర్వాత నేనూ కూర్చుని చదివా. మన దేశంలో దీనికి విడిగా ఒక చట్టం పుస్తకం లేదు. ఇంగ్లండులో 1957లోనే ఇలాంటి ప్రమాదాల కోసం ప్రత్యేకంగా చట్టం చేశారు, మన దగ్గర మాత్రం కోర్టు తీర్పులే దారి. ఆ తీర్పులన్నింటిలో కనిపించే ప్రశ్న చాలా సింపుల్: ఆ చోటు మీద పెత్తనం ఎవరిది? దస్తావేజు ఎవరి పేరున ఉంది, ఆ పూటకు అద్దె ఎవరు కట్టారు అన్నవి ఆ తర్వాత మాటలు. అక్కడ ఏది తెరవాలి, ఏది మూయాలి, ఏది బాగుచేయాలి అని చెప్పగలిగే మనిషి ఎవరో వాళ్ల మీద జాగ్రత్త తీసుకోవాల్సిన బాధ్యత ఉంటుంది.

ఇప్పుడు మీ హాలు సంగతి చూద్దాం. "ఆ రోజుకు ఇచ్చేశాం" అంటారు. ఏం ఇచ్చారు? గోడకు ఒక మేకు కొట్టనివ్వరు. బయటి డెకరేషన్ వాళ్లను రానివ్వరు, మీ మనిషే చేయాలి. కరెంటు ప్యానెల్ రూము తాళం మీ వాచ్‌మన్ దగ్గర. జనరేటర్ మీ ఆపరేటర్ దగ్గర, డీజిలు లెక్క మీ పుస్తకంలో. బాత్‌రూములు కడిగేది మీ మనుషులు, దానికి క్లీనింగ్ చార్జీ అని విడిగా వసూలు చేసేది మీరు. రాత్రి పదిన్నరకు మైకు ఆపమని వచ్చేదీ మీ మేనేజరే. పెళ్లివారి చేతికి మీరు ఇచ్చేది వధూవరుల గదుల తాళాలు రెండు, అంతే. కరెంటు యూనిట్ల దాకా లెక్క రాసుకునే మీరు, మనిషి జారిపడినప్పుడు మాత్రం ఈ హాలు ఎవరిదో అన్నట్టు చూస్తే ఏ కోర్టు నమ్ముతుందండీ?

బాధ్యత ఒకరికి మించి కూడా ఉండొచ్చు. 1966లో ఇంగ్లండు పెద్ద కోర్టు ఒక కేసులో ఇదే తేల్చింది. ఒక బీరు కంపెనీకి చెందిన పబ్బు, దాన్ని నడిపే మేనేజరు పై అంతస్తులో గదులు అద్దెకిస్తాడు, అక్కడ దిగిన అతిథి ఒకాయన చీకట్లో వెనక మెట్లు దిగుతూ పడి చనిపోయాడు. రెయిలింగు కింద దాకా లేదు, పైన బల్బు లేదు. కంపెనీ, మేనేజరు ఇద్దరికీ ఆ మెట్ల మీద పెత్తనం ఉంది కాబట్టి ఇద్దరికీ జాగ్రత్త తీసుకునే బాధ్యత ఉంది అన్నారు. అయితే దాచకుండా ఇంకో మాట కూడా చెప్పాలి, ఆ కేసులో చివరికి పరిహారం రాలేదు, ఎందుకంటే వాళ్లు ఆ జాగ్రత్తలో లోపం చేశారని తేలలేదు. అంటే మీ హాల్లో ఎవరు పడినా ప్రతిసారీ మీరే కట్టాలని చట్టం చెప్పడం లేదు. తెలివైన మనిషి ముందే ఊహించగలిగే ప్రమాదానికి తగిన జాగ్రత్త తీసుకున్నారా లేదా, అదొక్కటే అడుగుతుంది. వాన రోజున చేతులు కడిగే చోట నేల తడిగా ఉంటుందని ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు.

అదే 1966లో మన సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒకటి ఉంది, అది మీరందరూ ఒకసారి చదివించుకోవాలి. ఢిల్లీ చాందినీ చౌక్‌లో గంటస్తంభం 1951లో కూలి జనం చనిపోయారు. అది మున్సిపాలిటీది. ఎనభై ఏళ్ల కట్టడం, అందులో వాడిన సున్నానికి ఆయుష్షు 40, 45 ఏళ్లేనని ఇంజినీరే చెప్పాడు. లోపం పైకి కనబడలేదు, మాకు తెలియదు అని మున్సిపాలిటీ వాదించింది. రోడ్డు పక్కన కట్టడం పెట్టుకున్నవాడు దాన్ని ఎప్పటికప్పుడు పరీక్ష చేయించుకోవాలి, నాకు తెలియదన్నది జవాబు కాదు అని కోర్టు తేల్చేసింది. కట్టడం దానంతట అది కూలిందంటేనే నిర్లక్ష్యం ఉన్నట్టు, లేదని మీరే చూపించుకోవాలి. రోడ్డు వైపు ఒరిగిన మీ కాంపౌండు గోడలు, గేటు మీద ఇనుప ఆర్చీలు, తుఫాను వచ్చినప్పుడల్లా ఊగే ఫ్లెక్సీ ఫ్రేములు, వీటి గురించే ఈ మాట. మనది తుఫాను తీరం, గాలి వస్తుందని తెలియదు అనడానికి కూడా లేదు.

ఇక ఆ బోర్డు. 2019 నవంబరులో సుప్రీంకోర్టు తాజ్ మహల్ హోటల్ కేసులో ఒక తీర్పు ఇచ్చింది. కారు తాళం హోటల్ మనిషి చేతికి ఇచ్చాక కారు పోయింది, "పార్కింగ్ ఓనర్ రిస్కు", అంటే పోతే కారు ఓనరుదే నష్టం అని చీటీ మీద రాశాం కదా అంది హోటలు. చీటీ మీద ఏం రాసుకున్నా సొంత నిర్లక్ష్యం నుంచి తప్పించుకోవడానికి అది పనికిరాదు అన్నారు. అది కారు కేసు, మనిషి గాయం కేసు కాదు, ఒప్పుకుంటా. కానీ కారుకే చెల్లని చీటీ కాలు విరిగిన మనిషికి చెల్లుతుందని మీ వకీలు రాసిస్తాడేమో అడిగి చూడండి.

కోర్టు అంటే ఏళ్లకేళ్లు, ఎవరు వెళ్తారులే అన్నది మీ ధైర్యం, నాకు తెలుసు. సివిల్ కోర్టు సంగతి మీరనేది నిజమే. కానీ వినియోగదారుల కమిషన్ ఒకటుంది, నెల్లూరులో ఉంది, ఒంగోలులో ఉంది. 2019 చట్టం ప్రకారం ఫిర్యాదు చేసే మనిషి తన ఊళ్లోనే వేసుకోవచ్చు, వకీలు లేకుండా తానే మాట్లాడుకోవచ్చు, రెండేళ్ల లోపు వేయాలి. ఫీజు అడిగే పరిహారాన్ని బట్టి కాదు, సేవకు కట్టిన డబ్బును బట్టి. అది 5 లక్షల లోపు అయితే ఫీజు అసలు లేదు, మన దగ్గర చాలా హాళ్ల అద్దె దానికి లోపే. డబ్బు కట్టింది పెళ్లికూతురు తండ్రి కదా, పడింది ఆయన చుట్టం కదా అంటారేమో. డబ్బు కట్టినవాడి ఇష్టంతో ఆ సేవ వాడుకున్నవాళ్లు కూడా వినియోగదారులేనని చట్టంలోనే ఉంది. శుభలేఖ ఇచ్చి పిలిచిన చుట్టం అందులోకి వస్తారని వాదించడం కష్టమేం కాదు.

క్రిమినల్ వైపు కూడా ఒక మాట. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే పాత ఐపీసీలో రెండేళ్ల వరకే జైలు, ఇప్పుడు 106వ సెక్షన్ కింద అయిదేళ్ల దాకా. పెద్ద గాయమైతే 125 కింద మూడేళ్ల దాకా. ప్రాణం పోయినవాళ్ల భార్య, భర్త, పిల్లలు, తల్లిదండ్రులు నష్టపరిహారం దావా వేసుకోవచ్చని 1855 నాటి చట్టమే ఉంది, అదీ రెండేళ్ల లోపు. పెద్దమనుషుల పంచాయితీలో పాతిక వేలు చేతిలో పెట్టి తెల్లకాగితం మీద సంతకం తీసుకునే పద్ధతిని ఇంకెన్నాళ్లు నమ్ముకుంటారు?

వెనక తలుపు గురించి విడిగా రాయాలి, ఎందుకంటే జారిపడితే ఒక్కరు, నిప్పు అంటుకుంటే ఎందరో. 2004 జనవరిలో శ్రీరంగంలో ఒక కల్యాణ మండపంలో, ముహూర్తానికి కాస్త ముందు, వీడియో లైటు వైరు దగ్గర మొదలైన మంట పైన వేసిన తాటాకు పందిరికి అంటుకుంది. పెళ్లికొడుకుతో సహా యాభై మందికి పైగా పోయారు. మా పనిలో ఉన్నవాళ్లు ఎవరూ ఆ వార్త మర్చిపోలేదు. దానికంటే ముందు 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమా హాల్లో 59 మంది చనిపోయారు, ఎక్కువ మంది పొగకే. అదనంగా సీట్లు వేసి దారి మూసేశారు, తలుపులు తెరుచుకోలేదు. మంట పుట్టింది కరెంటు బోర్డు ట్రాన్స్‌ఫార్మర్ నుంచి, అయినా 2011లో సుప్రీంకోర్టు పరిహారంలో 85 శాతం హాలు నడిపినవాళ్ల మీదే వేసింది, కరెంటు బోర్డు మీద 15 శాతం. నిప్పు ఎక్కడ పుట్టిందన్న దానికంటే జనం బయటపడే దారి ఎవరు మూశారన్నదే బరువు తూగింది. దొంగలు వస్తారనో, పిలవని జనం భోజనానికి దూరతారనో వెనక తలుపుకు తాళం వేసే ప్రతి ఓనరూ ఈ లెక్క గుర్తు పెట్టుకోవాలి. మా గ్యాసు సిలిండర్లు ఉండేది ఆ తలుపు పక్కనే.

గ్రానైటు సంగతి. చీమకుర్తి మన ప్రకాశం జిల్లాలోనే ఉంది, గెలాక్సీ రాయి ప్రపంచమంతా పోతుంది, మనకు గర్వమే. అందుకని మెట్ల మీదా, ర్యాంపు మీదా, బాత్‌రూములోనూ, చేతులు కడిగే చోటా అన్నింటికీ మెరిసే పాలిషే వేయాలా? అదే రాయిని అదే ఫ్యాక్టరీలో ఫ్లేమ్డ్ అనీ, లెదర్ ఫినిష్ అనీ గరుకుగా చేసి ఇస్తారు. ఉన్నది పీకనక్కర్లేదు, మెట్ల అంచులకు గరుకు పట్టీలు అతికించొచ్చు, తడి చోట రబ్బరు చాపలు పరవొచ్చు, గోడకు ఒక స్టీలు కడ్డీ బిగించొచ్చు. మీ స్టేజీ వెనక పూల గోడకు ఒక పూటకు అయ్యే ఖర్చులో ఈ పనులన్నీ అయిపోతాయి. (పూల గోడ ముందు ఫొటో బాగా వస్తుంది, స్టీలు కడ్డీ ముందు ఎవరూ దిగరు, అదే అసలు సమస్య అనుకుంటా.)

సంపు మూతల గురించి అడిగితే "ఇవాళే చేయిస్తాం మేస్త్రీ" అంటారు, ఆ ఇవాళ ఎప్పటికీ రాదు. కనిగిరి, పొదిలి వైపు నీళ్లు పడక వదిలేసిన బోర్లు ఎన్నో మనకు తెలుసు. వాటిని అడుగు నుంచి నేల దాకా మట్టితోనో ఇసుకతోనో పూడ్చేయాలని 2010లోనే సుప్రీంకోర్టు చెప్పింది, ఎక్కడ పిల్లాడు బోరులో పడ్డాడన్నా మనమంతా టీవీ ముందు కూర్చుని ఆ రైతును తిట్టినవాళ్లమే. అయిదొందల మంది పిల్లాపాపలతో వచ్చే చోట సంపు మీద రేకు ముక్క పరిచి ఇటుక పెట్టడాన్ని మాత్రం ఎవరూ ఏమీ అనరు.

సీరియల్ లైట్లు, తడి నేల, ఇనుప గేటు, ఈ మూడూ ఒకచోట చేరేది మీ ప్రాంగణంలోనే. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి, షాక్ కొట్టగానే సరఫరా కట్ చేస్తుంది, ఏ ఎలక్ట్రీషియన్‌ని అడిగినా చెబుతాడు. సీజన్ అయ్యాక సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపడం కూడా ఆపండి. 2013 చట్టం ప్రకారం రక్షణ పరికరాలు లేకుండా నేరుగా దింపినా ఇంకొకరి ద్వారా దింపించినా నేరమే, మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు. "కాంట్రాక్టుకు ఇచ్చాం" అంటే చెల్లదు.

అతిథుల వైపు తప్పు ఉండదా అంటే ఉంటుంది. తాగి వచ్చి మెట్ల మీద డాన్సులేసేవాళ్లను నేనూ చూస్తున్నా. పడినవాడి నిర్లక్ష్యం కూడా ఉంటే కోర్టు ఆ మేరకు పరిహారం తగ్గిస్తుంది. నా వంతు కూడా ఉంది. వడ్డనలో నీళ్లు ఒలికితే వెంటనే తుడిపించే మనిషిని ఇకపై నా టీములోనే పెడుతున్నా, నా కుర్రాళ్లకు పనిలో దెబ్బ తగిలితే అది నా ఖాతా, మీ మీద తోయను. నేను అడిగేది మీ వంతు మీరు చూసుకోమనే.

ఇన్సూరెన్సు కంపెనీల దగ్గర పబ్లిక్ లయబిలిటీ పాలసీ అని ఒకటి ఉంటుంది. ఫ్యాక్టరీలకే కాదు, హోటళ్లకు, హాళ్లకు కూడా ఇస్తారు, మీ ప్రాంగణంలో బయటి మనిషికి గాయమై మీ మీద బాధ్యత పడితే పాలసీ షరతుల మేరకు కంపెనీ కడుతుంది. బిల్డింగుకు నిప్పు ఇన్సూరెన్సు దాదాపు అందరూ చేయిస్తారు, బ్యాంకు లోను కోసమైనా. మనుషులకు ఉన్న ఈ పాలసీ చేయించిన ఓనరును నేను ఇంతవరకు చూడలేదు. ఉంటే చెప్పండి, వెనక్కి తీసుకుంటా. అది ఉండి ఉంటే ఆ రోజు ఓనరు గారు ముఖం తిప్పుకోవాల్సిన అవసరమే ఉండేది కాదు, ఆ ఆటో నడిపే కొడుకు బంగారం తాకట్టు పెట్టేవాడు కాదు.

ఒకవేళ మీరు వినకపోతే ఏం చేయగలనంటే, చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. కూలడానికి సిద్ధంగా ఉన్న గోడ, దారి పక్కన కంచె లేని గొయ్యి, ఇలాంటివి సరిచేయమని ఆర్డరు వేసే అధికారం పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు ఉంది, అంటే మన ఆర్డీవో ఆఫీసుకు ఒక అర్జీ, ఫొటోలతో. ఎవరో పడేదాకా ఆగనక్కర్లేదు. మా వంట మేస్త్రీలందరి ఫోన్లలో మీ హాళ్ల వెనక వైపు ఫొటోలు బోలెడున్నాయి, అది బెదిరింపు అనుకుంటే అనుకోండి.

దానికంటే ముందు నా చేతిలో ఉన్న పని ఒకటి చేస్తున్నా. మాఘమాసం ముహూర్తాలకు ఆర్డరు మాట్లాడుకోవడానికి వచ్చే పెళ్లివారిని హాలు అడ్వాన్సు ఇవ్వకముందే మీ దగ్గరికి పంపుతా, నాలుగు ప్రశ్నలు రాసిచ్చి. వెనక తలుపు తాళం పెళ్లి జరిగినంతసేపూ తీసి ఉంటుందా? చేతులు కడిగే చోట చాప, కడ్డీ ఉన్నాయా? సంపుకు సరైన మూత ఉందా? పబ్లిక్ లయబిలిటీ పాలసీ కాగితం చూపిస్తారా? నాలుగూ ఒకేసారి కుదరకపోతే మొదటి మూడైనా రాతపూర్వకంగా ఒప్పుకోండి, పాలసీకి వచ్చే సీజన్ దాకా టైము తీసుకోండి. ఏదీ కుదరదన్న హాల్లో నేను పొయ్యి వెలిగించను. ఆర్డరు పోతే పోతుంది. కావలిలో ఇద్దరు, ఒంగోలులో ఒకరు మేస్త్రీలు మేమూ ఇట్టాగే అడుగుతామన్నారు, మిగతావాళ్లతో మాట్లాడుతున్నాం. మీ సంఘం మీటింగుకు పిలిస్తే వచ్చి ఎదురుగా కూర్చుని మాట్లాడతా, అప్పుడు పేరు కూడా చెబుతా.

ఇట్లు,
నెల్లూరు నుంచి ఒక వంట మేస్త్రి